పీఎస్5 కోసం 55 ఇంచుల 4కే టీవీ: ఏది కొనాలి, కొన్నాక ఏం మార్చాలి

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ గదా, కావలిలో కొత్తగా కట్టుకున్న ఇంటి హాల్లోకి 55 ఇంచుల 4కే టీవీ కావాలి, సోనీ వాళ్ళ గేమ్ కన్సోల్ పీఎస్5 ఇప్పటికే ఉండాది, బడ్జెట్ 70 వేల దాకా, పగలంతా అమ్మానాన్న న్యూసూ సీరియల్సూ చూస్తారు, రాత్రి నువ్వు గేమ్ ఆడతావు, ఒక షాపాయన ఓఎల్ఈడీ తీసుకోమంటాడు ఇంకొకాయన క్యూఎల్ఈడీ అంటాడు, ఏది మంచిది అని. నేను నెల్లూరులో చాలా ఏళ్ళ నుంచి ఇళ్ళల్లో టీవీలు బిగించి సెట్టింగ్ చేసే పనిలోనే ఉండా, గేములు కూడా బాగా ఆడతా. కొంచెం పొడుగ్గానే రాస్తా, ఓపిగ్గా చదువు.

ముందుగా ఒక విషయం. మన పక్క గేమింగ్‌కని టీవీ కొనేవాళ్ళు డబ్బులు బాగానే పెడతారు, టీవీ కూడా మంచిదే వస్తాది, కానీ నేను ఇంటికి పోయి చూస్తే కన్సోల్ వేరే పోర్టులో తగిలించి ఉంటాది, పిక్చర్ మోడ్ వివిడ్‌లో ఉంటాది, కరెంటు ఆదా సెట్టింగ్ ఆన్‌లో ఉంటాది, లక్ష పెట్టి కొన్న టీవీలో నలభై వేల టీవీ బొమ్మ చూస్తుంటారు. అందుకే ఏ మోడల్ అనే ప్రశ్న ఒక్కటే పట్టుకోబాక. నీ హాలు ఎట్టాంటిది, ఆ టీవీ ముందు ఇంకా ఎవరు కూర్చుంటారు, కొన్నాక దాన్ని ఎట్టా సెట్ చేస్తావు, ఈ మూడూ మోడల్ పేరు కన్నా ఎక్కువ తేడా తెస్తాయి.

గేమ్‌కి టీవీ అంటే మొదట చూడాల్సింది ఇన్‌పుట్ ల్యాగ్, అంటే నువ్వు బటన్ నొక్కినాక స్క్రీన్ మీద కదలిక కనపడటానికి పట్టే టైమ్. టీవీ సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తాదో దాన్ని హెర్ట్జ్‌లో చెప్తారు, ఒక్కో బొమ్మని ఫ్రేమ్ అంటారు, 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు ఉంటాది, 120లో 8.3. సినిమా మోడ్‌లోనో స్టాండర్డ్‌లోనో పెడితే టీవీ బొమ్మని నున్నగా చెయ్యడానికి మధ్యలో లేని ఫ్రేములు కల్పిస్తా కూర్చుంటాది, దానివల్ల చాలా టీవీల్లో 100 మిల్లీసెకన్ల దాకా పోతాది, అంటే ఆరు ఫ్రేములు లేటు. అదే టీవీని గేమ్ మోడ్‌లో పెడితే 10, 15కి దిగతాది. క్రికెట్ గేమ్ ఆడేవాళ్ళకి ఇది వెంటనే తెలిసిపోతాది, టైమింగ్ సరిగ్గా ఉన్నట్టే ఉంటాది గానీ ప్రతి బాలూ ఎడ్జ్ అవుతుంటాది, కంట్రోలర్ పాడైందని కొత్తది కొనేవాళ్ళు కూడా ఉన్నారు.

రెండోది రిఫ్రెష్ రేట్, అంటే ఆ హెర్ట్జ్ లెక్కే. ఇక్కడే మోసపోయేది. డబ్బా మీద 120, 240 అని పెద్ద పెద్ద అంకెలు వేస్తారు, పక్కన మోషన్ అనో ఎంఈఎంసీ అనో ఉంటాది, అది ప్యానెల్ నిజం రేటు కాదు, 60 హెర్ట్జ్ ప్యానెల్‌కి సాఫ్ట్‌వేర్ పూత. ఇంకో రకం ఉండాది, డీఎల్‌జీ అంటారు, 60 ప్యానెల్‌నే రిజల్యూషన్ తగ్గించి 120గా చూపిస్తారు, అబద్ధమని అనలేం గానీ 4కేలో 120 రాదు. నీకు కావాల్సింది నేటివ్, అంటే ప్యానెల్ సొంత రేటు, 120 లేదా 144 హెర్ట్జ్. షాపాయన మాట కాదు, మోడల్ నంబర్ మొత్తం, చివర అక్షరాలతో సహా ఫోన్‌లో కొట్టి కంపెనీ మాన్యువల్ తీసి హెచ్‌డీఎంఐ పేజీ చూడు, అందులో 3840×2160 ఎదురుగా 120 అని రాసుంటేనే నమ్ము. ఒక సిరీస్‌లో 43 ఇంచులకి 60 హెర్ట్జ్, 55కి 120 ఉండటం మామూలే, రివ్యూలో చూసింది ఒకటి, ఇంటికి వచ్చేది ఇంకోటి అవకుండా చూసుకో.

మూడోది పోర్టు. హెచ్‌డీఎంఐ 2.0 సెకనుకి 18 గిగాబిట్లు మోస్తాది, దాంట్లో 4కే 60 దాకానే పడతాది. 2.1 అయితే 48 దాకా పోతాది. కాలవలో నీళ్ళు ఎన్ని ఉన్నా చేలోకి పారేది తూము సైజుని బట్టే కదా, అట్టా పీఎస్5 ఎంత పంపినా పోర్టు ఎంత పట్టిస్తే అంతే. ఇంకో చిక్కు ఏందంటే 2.1 అని రాసినంత మాత్రాన 4కే 120 ఉండి తీరాలని రూల్ లేదు, ఆ స్టాండర్డ్‌లో చాలా ఫీచర్లు కంపెనీ ఇష్టానికి వదిలేశారు. కాబట్టి నాలుగు మాటలు వెతుకు, 4కే 120, వీఆర్ఆర్ అంటే గేమ్ ఫ్రేములకి తగ్గట్టు టీవీ రేటు మారడం, ఏఎల్ఎల్ఎమ్ అంటే గేమ్ పెట్టగానే టీవీ దానంతట అదే గేమ్ మోడ్‌కి పోవడం, ఈఆర్క్ అంటే టీవీ సౌండ్‌ని సౌండ్‌బార్‌కి పంపే దారి. చాలా టీవీల్లో నాలుగు పోర్టుల్లో రెండే 120వి, ఆ రెంట్లో ఒకటి ఈఆర్క్ పోర్టు కూడా అయ్యుంటాది, సౌండ్‌బార్ దానికి పెడితే నీకు మిగిలేది ఒకటే. ఒక్క పీఎస్5 అయితే ఇబ్బంది లేదు, రేపు గేమింగ్ లాప్‌టాప్ కూడా తగిలించాలంటే అప్పుడు తెలుస్తాది.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న, ఓఎల్ఈడీనా క్యూఎల్ఈడీనా. చీకటి గదిలో, గేమ్‌కే వాడుకునే టీవీ అయితే ఓఎల్ఈడీని మించింది లేదు, ప్రతి పిక్సెల్ దానంతట అదే వెలుగుతాది ఆరతాది, నలుపు నిజంగా నలుపు, కదిలే బొమ్మ వెనక తోక ఉండదు. కానీ నువ్వు చెప్పిన ఇల్లు అది కాదు. మన తెలుగు న్యూస్ చానల్ స్క్రీన్ ఒకసారి చూడు, మూల లోగో, కింద రెండు మూడు వరసల స్క్రోలింగ్, ఎర్ర పట్టీ, అవి రోజుకి ఐదారు గంటలు ఒకే చోట వెలుగుతుంటాయి. ఓఎల్ఈడీలో పిక్సెల్ వాడిన కొద్దీ అరుగుతాది, ఒకే చోట ఎక్కువ అరిగితే ఆ మచ్చ ఉండిపోతాది, దాన్నే బర్న్ ఇన్ అంటారు. కొత్త ప్యానెళ్ళు చాలా మెరుగయ్యాయి, పిక్సెల్ షిఫ్ట్, లోగో డిమ్మింగ్ ఉన్నాయి, మామూలు వాడకానికి భయం లేదు. అయినా ఒకే న్యూస్ చానల్ పొద్దున్నుంచి రాత్రి దాకా నడిచే ఇంటికి నేను ఓఎల్ఈడీ పెట్టను, ఎవరడిగినా ఇదే చెప్తా. పెద్దవాళ్ళని న్యూస్ చూడొద్దనడం కన్నా దానికి తగ్గ టీవీ తేవడం న్యాయం.

రెండో కారణం వెలుతురు. మన ఇళ్ళల్లో వీధి తలుపు తీసే ఉంటాది, హాలుకి పెద్ద కిటికీ ఉంటాది, ఏప్రిల్ మే నెలల్లో సాయంత్రం దాకా ఎండ లోపలికి కొడతాది. టీవీకి ఎదురుగా కిటికీ ఉంటే స్క్రీన్‌లో ఆటకన్నా మనమే ఎక్కువ కనపడతాం. అట్టాంటి హాలుకి మినీ ఎల్ఈడీ సరిపోతాది, వెనక సన్న దీపాలు చాలా ఉండి భాగాలు భాగాలుగా వెలుగు పెంచుతాయి తగ్గిస్తాయి, దాన్నే లోకల్ డిమ్మింగ్ అంటారు, పగలు కూడా బొమ్మ గట్టిగా కనపడతాది. క్యూఎల్ఈడీ అనే పేరుకి మాత్రం పడిపోబాక, అది రంగుల పొర పేరు, వెనక దీపాలు ఎట్టా ఉన్నాయో చెప్పదు, లోకల్ డిమ్మింగ్ లేని క్యూఎల్ఈడీ కూడా బోలెడు అమ్ముతారు. ఇంకా హెచ్‌డీఆర్, అంటే బాగా వెలుగున్న చోటూ బాగా చీకటి చోటూ రెండూ వివరంగా చూపించే పద్ధతి, డబ్బా మీద హెచ్‌డీఆర్10 అని ఉండటం వేరు, హెచ్‌డీఆర్ చూపించగలగడం వేరు. స్క్రీన్ వెలుగుని నిట్లలో కొలుస్తారు, 300 నిట్ల టీవీ హెచ్‌డీఆర్ సిగ్నల్ తీసుకుంటాది అంతే, సూర్యుడూ లైటూ మెరవాలంటే కనీసం 700 అన్నా కావాలి, 1000 దాటితే ఇంకా బాగు.

ఎల్ఈడీ టీవీల్లో ప్యానెల్ రెండు రకాలు, వీఏనా ఐపీఎస్సా అని కూడా చూడు. వీఏలో నలుపు బాగుంటాది, కాంట్రాస్ట్, అంటే తెలుపుకీ నలుపుకీ మధ్య తేడా, 3000, 5000 అట్టా ఉంటాది, పక్క నుంచి చూస్తే రంగు తేలిపోతాది, చీకటి సీన్లలో కదిలేవాటి వెనక కొంచెం మసక వస్తాది. ఐపీఎస్ పక్కనుంచి బాగుంటాది గానీ కాంట్రాస్ట్ 1000 దగ్గరే, రాత్రి లైటు ఆర్పి ఆడితే నలుపు బూడిద రంగులో ఉంటాది. నువ్వు ఎదురుగానే కూర్చుని ఆడతావు కాబట్టి వీఏ మినీ ఎల్ఈడీ, నేటివ్ 120 లేదా 144, వీఆర్ఆర్ ఉన్నది, ఇదే నీ టీవీ. నీ బడ్జెట్లో దొరుకుతాది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 ఇంచులు దాటిన టీవీలకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పాత ధర పట్టీ చూపించి దాని మీదే డిస్కౌంట్ అంటే బిల్లులో పన్ను లైన్ చూడు. 8కే ఊసే వద్దు.

సైజు సంగతి, సోఫా నుంచి స్క్రీన్‌కి ఐదున్నర నుంచి ఏడున్నర అడుగులు ఉంటే 55 బాగుంటాది. అంతకన్నా ఎక్కువ దూరం ఉంటే, తొమ్మిదడుగుల దాకా అయితే 65 చూడు, పన్నెండు అడుగుల దూరంలో కూర్చుని 55లో 4కే ఆడితే ఆ 83 లక్షల పిక్సెళ్ళూ కంటికి తెలియవు. డబ్బులు చాలకపోతే సైజు కోసం 120 హెర్ట్జ్ వదులుకోబాక, సోఫా ముందుకి జరుపుకో, ఖర్చు లేదు.

సర్వీస్ గురించి ఒక మాట. తిరుపతిలో టీసీఎల్ వాళ్ళ ప్యానెల్ ఫ్యాక్టరీ ఉండాది కాబట్టి మనకి సర్వీస్ దగ్గర్లోనే అనుకుంటారు కొంతమంది. ఫ్యాక్టరీకీ సర్వీస్‌కీ సంబంధం లేదు, ఏ కంపెనీ అయినా సరే కావలి పిన్‌కోడ్‌కి మనిషి యాడ నుంచి వస్తాడు, ప్యానెల్ మార్చాలంటే ఎన్ని రోజులు పడతాది, ఇవి ఫోన్ చేసి ముందే అడుగు. కొనేటప్పుడు ఆదివారం జనంలో కాకుండా మామూలు రోజు పొద్దున్నే పో, పీఎస్5 సంచిలో వేసుకుని పో, కొనే మనిషివని తెలిస్తే తగిలించి చూపిస్తారు. డెమో మోడ్ తీసెయ్యమని చెప్పు, షాపు లైట్లకి గెలవాలని రంగులు బాగా పెంచి పెట్టి ఉంటారు. యూట్యూబ్‌లో మొత్తం బూడిద రంగు స్క్రీన్ ఒకటి పెట్టి మధ్యలో మచ్చలు, మూలల్లో నలుపు ఉన్నాయేమో చూడు, ఫుట్‌బాల్ గేమ్ ఆడితే పచ్చ గ్రౌండ్ మీద అవే కనపడి విసిగిస్తాయి.

కొత్త ఇల్లు అన్నావు కదా, గోడలో వైర్ల పని ఇంకా అవకపోతే ఇది గట్టిగా పట్టుకో. ఎలక్ట్రీషియన్లు టీవీ పాయింట్‌కి ముప్పావు ఇంచు పైపు వేసేస్తారు, దాంట్లో హెచ్‌డీఎంఐ తల పట్టదు, తర్వాత గోడ పగలగొట్టాల్సిందే. రెండు ఇంచుల పీవీసీ పైపు, మూల దగ్గర ఒక్కసారిగా తిరిగే వంపు లేకుండా వెయ్యమను, లోపల ఒక తాడు వదిలేయమను. కేబుల్ లోపలే ఉంచి సిమెంట్ చెయ్యొద్దు, రేపు మార్చాల్సి వస్తాది. పీఎస్5తో వచ్చిన కేబుల్ మంచిదే, అదే వాడు. అంతకన్నా పొడుగు కావాలంటే మూడు మీటర్ల దాకా అల్ట్రా హై స్పీడ్ ముద్ర ఉన్నది తీసుకో, ఐదు మీటర్లు దాటితే ఫైబర్ హెచ్‌డీఎంఐ కావాలి, దానికి టీవీ వైపు, కన్సోల్ వైపు అని రెండు తలలు వేరుగా ఉంటాయి, తిరగేస్తే పనిచెయ్యదు. కేబుల్ చాలకపోతే ఎట్టా తెలుస్తాదంటే 60లో బాగానే ఉంటాది, 120 ఆన్ చెయ్యగానే స్క్రీన్ ఒక సెకను నల్లబడి వస్తాది, లేదా తెల్ల చుక్కలు మెరుస్తాయి. టీవీ పాడైందని అనుకుంటారు, ముందు కేబుల్ మార్చి చూడాలి. ఎత్తు కూడా, దేవుడి పటం లాగా పైన కొట్టించొద్దు, సోఫాలో కూర్చుంటే కంటి నేరుకి స్క్రీన్ మధ్య భాగం రావాలి.

సరే, టీవీ వచ్చింది అనుకో. మొట్టమొదట 120 పోర్టు ఏదో చూసి దానికే కన్సోల్ పెట్టు, తర్వాత ఆ పోర్టుకి పూర్తి స్పీడ్ ఆన్ చెయ్యాలి, చాలా టీవీల్లో అది ఆఫ్‌లోనే వస్తాది. ఎల్‌జీలో హెచ్‌డీఎంఐ డీప్ కలర్ అంటారు, శామ్‌సంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, సోనీలో హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్‌లో ఎన్‌హాన్స్‌డ్. ఇది చెయ్యకపోతే పీఎస్5 మెనూలో 120 సపోర్ట్ లేదు అని చూపిస్తాది, టీవీ తిరిగి ఇచ్చెయ్యబోయిన వాళ్ళు కూడా ఉన్నారు ఈ ఒక్క స్విచ్ తెలియక. పీఎస్5లో సెట్టింగ్స్, స్క్రీన్ అండ్ వీడియోలోకి పోయి రిజల్యూషన్, వీఆర్ఆర్, 120 హెర్ట్జ్ అవుట్‌పుట్, ఏఎల్ఎల్ఎమ్, ఆర్‌జీబీ రేంజ్ అన్నీ ఆటోమేటిక్‌లో పెట్టు, హెచ్‌డీఆర్ మాత్రం సపోర్ట్ ఉన్నప్పుడే ఆన్ అన్న దాంట్లో పెట్టు, లేకపోతే మామూలు గేములు కూడా బలవంతంగా హెచ్‌డీఆర్‌లోకి పోయి రంగులు తేడాగా వస్తాయి. నలుపు తెల్లగా పాలిపోయినట్టుగా గానీ, నీడల్లో ఏమీ కనపడకుండా గానీ ఉంటే ఆర్‌జీబీ రేంజూ టీవీలో బ్లాక్ లెవెలూ ఒకదానికొకటి కలవలేదని అర్థం, రెండూ ఆటోలో పెడితే మామూలుగా సర్దుకుంటాది.

టీవీలో గేమ్ మోడ్. దాంట్లోనే కలర్ టెంపరేచర్ వార్మ్‌లో పెట్టు, మొదటి రెండు రోజులు పసుపుగా ఉందనిపిస్తాది, అలవాటయ్యాక కూల్‌కి తిరిగి పోవు, నీలంగా కనపడతాది. షార్ప్‌నెస్ అందరూ పెంచుతారు, వద్దు, గేమ్‌లో అక్షరాల చుట్టూ తెల్ల అంచు పోయేదాకా తగ్గించు, కొన్ని కంపెనీల్లో అది సున్నా, కొన్నిటిలో మధ్యలో ఉంటాది. ఎనర్జీ సేవింగ్, లైట్ సెన్సార్, నాయిస్ రిడక్షన్ ఆఫ్. బ్రైట్‌నెస్ అనే మాట దగ్గర జాగ్రత్త, కొన్ని టీవీల్లో అది వెనక దీపం, కొన్నిటిలో అది నలుపు స్థాయి, నలుపు స్థాయిని ముట్టుకోకుండా బ్యాక్‌లైట్‌నే పెంచుకో. లోకల్ డిమ్మింగ్ హై. అమ్మావాళ్ళ సెటప్ బాక్స్ వేరే పోర్టు కాబట్టి దానికి వేరే మోడ్ పెట్టుకోవచ్చు, చాలా టీవీలు పోర్టు పోర్టుకీ సెట్టింగ్ విడిగా గుర్తుపెట్టుకుంటాయి.

ఎక్కువ మంది వదిలేసేది హెచ్‌డీఆర్ అడ్జస్ట్. దీంట్లో వరస ముఖ్యం. టీవీలో హెచ్‌జీఐజీ అనే ఆప్షన్ ఉంటే ముందు అది ఆన్ చెయ్యి, టీవీ తనంతట తానే వెలుగు మార్చే డైనమిక్ టోన్ మ్యాపింగ్ ఆఫ్ చెయ్యి, ఆ తర్వాతే పీఎస్5లో అడ్జస్ట్ హెచ్‌డీఆర్ తెరువు. హెచ్‌జీఐజీ అంటే టీవీ తన సొంత తెలివి వాడకుండా, నా వెలుగు ఇంతే అని ఒప్పుకుని మిగతాది గేమ్‌కి వదిలెయ్యడం. మొదటి రెండు స్క్రీన్లలో గుర్తు కనీకనపడకుండా పోయే చోట ఆపు, మూడోది నలుపుది, దాన్ని అన్నిటికన్నా కిందకి దించు. ఇది రాత్రి లైట్లు ఆర్పి చెయ్యి. ముందు ఇది చేసి తర్వాత టీవీ మోడ్ మారిస్తే మొత్తం మళ్ళీ చెయ్యాల్సిందే. దీపావళి టపాసుల్లాగా ఎక్కువ మెరిస్తేనే హెచ్‌డీఆర్ అనుకోబాక, తెల్ల మబ్బులో కూడా మడతలు కనపడితే అప్పుడు అది సరిగ్గా ఉన్నట్టు.

గేముల్లో క్వాలిటీ, పర్ఫార్మెన్స్ అని రెండు మోడ్‌లు ఉంటాయి, ఒకటి 30 ఫ్రేములు, ఒకటి 60. కొన్ని గేముల్లో మధ్యలో 40 ఫ్రేముల మోడ్ ఉంటాది, అది 120 హెర్ట్జ్ టీవీలోనే వస్తాది, ఎందుకంటే 120ని 40తో భాగిస్తే సరిగ్గా మూడు, 60ని 40తో భాగిస్తే కుదరదు. కథ ఉన్న గేములకి నాకు ఆ మోడ్ చాలా ఇష్టం, 120 టీవీ కొనమని ఇంత గట్టిగా చెప్పడానికి అదొక కారణం. వీఆర్ఆర్ పీఎస్5కి 2022 ఏప్రిల్ అప్‌డేట్‌లో వచ్చింది, 48 నుంచి 120 మధ్య ఫ్రేములు పెరిగినా తగ్గినా స్క్రీన్ చిరగకుండా చూస్తాది, 48 కిందకి పోతే మామూలుగా సాయం చెయ్యదు. చీకటి సీన్లలో లోడింగ్ స్క్రీన్లలో వెలుగు మిణుకుమిణుకుమంటే అది వీఆర్ఆర్ వల్లే, టీవీ ఫాల్ట్ కాదు, ఆ ఒక్క గేమ్ అయ్యేదాకా ఆఫ్ చేసుకో.

సౌండ్‌కి బ్లూటూత్ వద్దు, తుపాకీ పేలినాక చప్పుడు వస్తాది. సౌండ్‌బార్ అయితే ఈఆర్క్‌తో, టీవీలో డిజిటల్ సౌండ్ పాస్ త్రూలో, అంటే టీవీ సౌండ్‌ని మార్చకుండా పంపేట్టు, పెట్టు.

కరెంటు గురించి చెప్పకపోతే మన ఊళ్ళకి ఇది సగం జవాబే. ఇప్పటి టీవీలు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి, స్టెబిలైజర్ కన్నా మంచి ఎర్తింగూ సర్జ్ ప్రొటెక్టరూ ముఖ్యం. ఎర్తింగ్ లేని ఇళ్ళల్లో హెచ్‌డీఎంఐ తీసి పెట్టేటప్పుడు చిన్న షాక్ తగులుతాది చూడు, ఆ లీకేజీకే పోర్టులు పోయేది, అందుకే రెండు వైపులా ప్లగ్ ఆపినాకే కేబుల్ మార్చు. ఇన్వర్టర్ మీద ఆడాలంటే ప్యూర్ సైన్ వేవ్ ఉండాలి, వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో పెట్టు, లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ పీఎస్5 ఆరిపోయి స్టోరేజ్ రిపేర్ అంటాది. నవంబర్ డిసెంబర్లో తుఫాను హెచ్చరిక వస్తే టీవీ ప్లగ్ ఒక్కటే కాదు, డిష్ వైరు, నెట్ బాక్స్ నుంచి వచ్చే లాన్ వైరు కూడా పీకెయ్యి, పిడుగు వాటి దారిలో కూడా వస్తాది. కావలి సముద్రానికి దగ్గరే కదా, ఉప్పు గాలికి పోర్టులు పచ్చబడతాయి, వాడని వాటికి రబ్బరు మూతలు పెట్టు, తక్కువలోనే దొరుకుతాయి.

హాలు ఫోటో ఒకటి పెట్టు, రాత్రిది కాదు, సాయంత్రం నాలుగింటప్పుడు తీసింది, సోఫాకీ గోడకీ మధ్య ఎన్ని అడుగులో కూడా రాయి. షాపు వాళ్ళు చెప్పిన రెండు మోడల్ నంబర్లు పూర్తిగా పెడితే వాటిల్లో ఏ పోర్టుకి 120 వస్తాదో మాన్యువల్ చూసి చెప్తా.